తాళపత్రం నుండి సోర్స్ కోడ్ దాకా: ఓపెన్ సోర్స్ భద్రతా లోపాలు - పాఠవిమర్శ దృష్టి

వ్యాస సంగ్రహం

ఆపరేటింగ్ సిస్టమ్‌లలో బయటపడే భద్రతా లోపాలు సాంకేతిక నిపుణులకు మాత్రమే సంబంధించినవని సాహిత్య విద్యార్థులమైన మనం భావిస్తూ వచ్చాం. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నిజానికి రాతప్రతి వంటిది. దానిని అనేకులు రాస్తారు, నకళ్లు తీస్తారు, సవరిస్తారు, పంచుతారు. ప్రతి దశలోనూ దోషం ప్రవేశించే వీలుంది. 2008, 2014, 2024 సంవత్సరాల్లో బయటపడిన మూడు లోపాలను ఈ వ్యాసం పాఠపరిష్కరణ పరిభాషలో లేఖకదోషం, పరిష్కర్తదోషం, ప్రక్షిప్తం అని వర్గీకరించి పరిశీలిస్తుంది. 2018లో ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం పేరుతో ప్రచారమైన ఉదంతాన్ని పునఃపరిశీలిస్తుంది. మూలం బహిరంగంగా ఉండటం చదివే అవకాశమే తప్ప చదివినట్టు కాదనీ, తెలుగు లిపికి సంబంధించినంత వరకు ఆ చదువరులు తెలుగు శాఖల నుండి కూడా రావలసి ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఓపెన్ సోర్స్, భద్రతా లోపం, పాఠపరిష్కరణ, ప్రక్షిప్తం, యూనికోడ్, తెలుగు లిపి, దివిసీమ

1. ఉపోద్ఘాతం

కృష్ణానది సముద్రంలో కలిసే చోట రెండు పాయల నడుమ ఉన్న దివిసీమలో నాగాయలంక ఒక మండల కేంద్రం. ఈ సీమలో పుట్టి పెరిగిన వారికి భద్రత అనగానే మొదట గుర్తుకు వచ్చేది కరకట్ట. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేల ప్రాణాలను బలిగొన్న తరువాత ఆ మాట బరువు ఇంకా పెరిగింది. కట్టను గురించి మాట్లాడేటప్పుడు ఇక్కడి వారు రెండు మాటలను వేరు వేరుగా వాడతారు. మొదటిది బుంగ. ఎలుకో పీతో తొలిచినందువల్ల గాని, మట్టి సరిగా కుదురుకోనందువల్ల గాని కట్టలో ఏర్పడిన చిన్న రంధ్రం అది. నీటిమట్టం తక్కువగా ఉన్నన్నాళ్లు దాని ఉనికి ఎవరికీ తెలియదు. రెండవది గండి. వరద వచ్చినప్పుడు నీరు ఆ బుంగను పెద్దది చేసి కట్టను తెంచితే అది గండి.

కంప్యూటర్ భద్రతా రంగం కూడా ఈ రెండు స్థితులను వేరుగానే చూస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో దాగి ఉన్న బలహీనత ఒకటి. దానిని ఆసరాగా చేసుకొని లోపలికి చొరబడటం మరొకటి. మన పత్రికా భాషలో ‘లోపం’, ‘దాడి’, ‘హ్యాకింగ్’ అనే మాటలు తరచు ఒకదాని స్థానంలో ఒకటి వాడుకలోకి వచ్చి ఈ భేదం చెరిగిపోతున్నది. మొదటి దానికి బుంగ, రెండవ దానికి గండి అనే డెల్టా మాటలు చక్కగా సరిపోతాయని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో వాటిని ఆ అర్థాల్లోనే వాడుతున్నాను.

ఈ సీమకు మరొక వారసత్వం ఉంది. మోపిదేవి మండలంలోని పెదకళ్లేపల్లి వేటూరి ప్రభాకరశాస్త్రి (1888-1950) స్వగ్రామం. మద్రాసులోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో తాళపత్రాల మధ్య పనిచేసి, ‘ప్రబంధరత్నావళి’, ‘చాటుపద్యమణిమంజరి’ వంటి సంకలనాలను, అనేక కావ్యాల పరిష్కృత ప్రతులను అందించిన పండితుడు ఆయన. అంతకుముందే, 1820లలో, సి.పి. బ్రౌన్ మచిలీపట్నంలో ఉద్యోగం చేస్తూ వేమన పద్యాల ప్రతులను సేకరింపజేసి పోల్చి చూడటం మొదలుపెట్టాడు. ఒకే రచనకు పలు ప్రతులను దగ్గర పెట్టుకొని, ఏ తప్పు ఎవరి చేతిలో ఎప్పుడు ప్రవేశించిందో తేల్చే విద్య ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆ విద్య సాఫ్ట్‌వేర్ బుంగలను అర్థం చేసుకోవడానికి ఎంతవరకు పనికివస్తుందనేది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. ‘జ్ఞా’ ఉదంతం: వార్తలు తప్పుగా చదివిన పాఠం

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేస్తున్నదనే వార్త ప్రపంచమంతటా వ్యాపించింది. ఆ అక్షరం ఉన్న సందేశం వస్తే, దానిని చూపడానికి ప్రయత్నించిన యాప్ కుప్పకూలేది. తిరిగి తెరిచినా అదే స్థితి. ఆ అక్షరం ‘జ్ఞా’ అని వార్తలు రాశాయి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐ.ఓ.ఎస్. 11.2.6 అనే సవరణను విడుదల చేసింది. ఈ బుంగకు సి.వి.ఇ-2018-4124 అనే సంఖ్య లభించింది. సంఖ్యలోని మొదటి మూడక్షరాలు బహిరంగమైన భద్రతా లోపాలకు ప్రపంచవ్యాప్తంగా సంఖ్యలు కేటాయించే జాబితా పేరు.

పాఠవిమర్శకుడు మొదట అడిగే ప్రశ్న: వార్తలు ఇచ్చిన పాఠం సరైనదేనా? కాదు. ‘జ్ఞానం’, ‘విజ్ఞానం’, ‘ఆజ్ఞాపత్రం’ వంటి మాటలు తెలుగువారు ఆ ఫోన్లలో అంతకుముందు రాస్తూనే ఉన్నారు. ఏ ప్రమాదమూ జరగలేదు. ప్రమాదకరమైన వరుసలో జకారం, పొల్లు, ఞకారం, ఆ తరువాత కంటికి కనిపించని ఒక సంకేతం, చివర దీర్ఘం ఉన్నాయి. ఆ నాలుగవది వెడల్పు లేని సంకేతం. పక్కపక్కనున్న అక్షరాలు కలిసిపోకుండా విడదీయడం దాని పని. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు టకారపు పొల్లు తరువాత మనం వాడేది దానినే. సంయుక్తాక్షరానికీ దాని గుణింతపు గుర్తుకూ మధ్య మాత్రం తెలుగు రాసేవారెవరూ దానిని ఉంచరు. తెరమీద ‘జ్ఞా’గా కనిపించినది యంత్రానికి అందిన పాఠంలో వేరొకటి. కనిపించే రూపాన్నే పాఠంగా భావించినందువల్ల ఒక లిపి మొత్తం ప్రమాదకరమన్న అపప్రథ వచ్చింది.

అసలు నియమాన్ని బయటినుండి నిర్ధారించినవారిలో మనీశ్ గోరేగావ్‌కర్ ఒకరు. వివిధ భారతీయ లిపుల్లో అక్షరాల వరుసలను ఒక్కొక్కటిగా ప్రయోగించి చూసి ఆయన ఒక సూత్రానికి వచ్చారు. మొదటి హల్లు, పొల్లు, తరువాతి అక్షరంగా కిందనో పక్కనో చేరే రెండవ హల్లు, ఆ అదృశ్య సంకేతం, అచ్చు గుర్తు అనే క్రమం ఉన్నప్పుడు ఈ లోపం కనిపిస్తుంది. దేవనాగరిలో, బెంగాలీలో రకారం వంటి ఒకటి రెండు హల్లులే అలా చేరతాయి. తెలుగులో హల్లులన్నీ ఒత్తులుగా చేరతాయి కాబట్టి పరిధి విస్తృతమైనది. ఐత్వం వంటి, రెండు భాగాలుగా గీసే గుర్తులు ఉన్నప్పుడు ఈ లోపం కనిపించదని కూడా ఆయన గమనించారు. అంటే ఇది ‘జ్ఞా’ దోషం కాదు, తెలుగు దోషమూ కాదు. ఒత్తును, గుణింతాన్ని కూర్చే క్రమంలో ఒక సాఫ్ట్‌వేర్ చేసిన తప్పు.

ఇక్కడ ఒక సంగతి గమనార్హం. ఆపిల్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల పునాదిలో కొంత భాగం ఓపెన్ సోర్స్. అక్షరాలను కూర్చే ‘కోర్‌టెక్స్ట్’ అనే భాగం మాత్రం కాదు. సవరణ త్వరగానే వచ్చింది. ఆ విషయంలో సంస్థను తప్పుపట్టనవసరం లేదు. అయితే సవరణతో పాటు లోకానికి అందిన వివరణ రెండు మూడు వాక్యాలకు మించలేదు. ఏ వాక్యం తప్పుగా రాసి ఉండింది, దాని స్థానంలో ఏది వచ్చింది అనేది బయటివారికి తెలియదు. మూలప్రతి చూసే వీలు లేక, నకలు ప్రవర్తనను బట్టి మూలంలోని దోషాన్ని ఊహించవలసి వచ్చింది. తాళపత్రం దొరకని కావ్యాన్ని లక్షణగ్రంథాల్లోని ఉదాహరణలను బట్టి ఊహించే పరిశోధకుని స్థితి ఇది.

3. బహిరంగ మూలం: మూడు విధాల దోషాలు

ఓపెన్ సోర్స్ ఈ స్థితికి విరుద్ధమైనది. సోర్స్ కోడ్ అంతా అందరికీ కనిపిస్తుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన ‘గిట్’ వంటి పనిముట్లలో ప్రతి మార్పూ తేదీతో, చేసినవారి పేరుతో, కారణంతో నమోదవుతుంది. పాత పాఠం, కొత్త పాఠం పక్కపక్కన నిలుస్తాయి. పరిష్కృత ప్రతి అడుగున పాఠాంతరాలను చూపే పద్ధతికి ఇంతకంటే సన్నిహితమైన ఆధునిక రూపం మరొకటి లేదు.

చూసే కళ్లు చాలినన్ని ఉంటే ఏ దోషమూ ఎక్కువ కాలం దాగదని ఎరిక్ రేమండ్ 1990ల చివరలో ఒక సిద్ధాంతం చేసి, దానికి టోర్వాల్డ్స్ పేరు పెట్టాడు. ఓపెన్ సోర్స్ సమర్థకులు దీనిని సూక్తిగా వల్లిస్తారు. విమర్శకులు ప్రతి పెద్ద బుంగ బయటపడినప్పుడల్లా దీనిని ఎద్దేవా చేస్తారు. ఇద్దరూ ఆ వాక్యంలోని షరతును పట్టించుకోవడం లేదు. ‘ఉంటే’ అన్నదే అక్కడ ప్రధానం. భాండాగారం తలుపులు తెరిచి ఉండటం వేరు, లోపలికి వెళ్లి కట్ట విప్పి చదివేవారు ఉండటం వేరు. కింది మూడు ఉదాహరణలు ఈ భేదాన్ని మూడు దిశల నుండి చూపుతాయి.

3.1 లేఖకదోషం: హార్ట్‌బ్లీడ్ (2014)

లినక్స్ ఆధారిత వ్యవస్థల్లో రహస్య సంభాషణకు ఆధారమైన ‘ఓపెన్‌ఎస్ఎస్ఎల్’ అనే సాఫ్ట్‌వేర్‌లో 2012 మార్చిలో విడుదలైన 1.0.1 సంచికతో ఒక కొత్త సౌకర్యం చేరింది. రెండు కంప్యూటర్ల మధ్య సంబంధం సజీవంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకటి చిన్న మాట పంపుతుంది. రెండవది దానిని తిరిగి పంపుతుంది. మాటతో పాటు దాని పొడవు కూడా చెప్పాలి. ‘దివి’ అనే మాట పంపి, ‘ఇది చాలా పొడవైన మాట’ అని చెబితే ఏమవుతుంది? చెప్పిన పొడవు నిజమేనా అని సరిచూసే వాక్యం రాయడం మరచిపోయారు. అవతలి కంప్యూటర్ ఆ మాటతో పాటు తన జ్ఞాపకంలో దాని పక్కనున్న సమాచారాన్ని, ఒక్కో విన్నపానికి 64 కిలోబైట్ల వరకు, పంపేసేది. అందులో సంకేతపదాలు, రహస్య తాళాలు ఉండవచ్చు. 2014 ఏప్రిల్ 7న ఇది బహిరంగమయింది.

ఇది అచ్చంగా లేఖకదోషం. దురుద్దేశం లేదు, ఒక పంక్తి జారిపోయింది. రాసినవారి తరువాత సరిచూసినవారు కూడా గమనించలేదు. తాళపత్ర లేఖకులు అక్షరం విడిచిపెట్టినట్టే ఇక్కడా జరిగింది. విమర్శకు నిలిచేది ఆ తప్పు రెండేళ్లపాటు అందరి కళ్లెదుటే ఉండటం. ప్రపంచంలో లక్షలాది వెబ్‌సైట్లు ఆధారపడిన ఆ ప్రకల్పానికి అప్పటికి ఏటా అందుతున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని దాని నిర్వాహకులు వెల్లడించారు. ఆ తరువాతే లినక్స్ ఫౌండేషన్ ఇటువంటి కీలక ప్రకల్పాలకు నిధులు సమకూర్చే ప్రయత్నం మొదలుపెట్టింది. తలుపులు తెరిచే ఉన్నాయి. చదివేవారికి జీతం ఇచ్చేవారు లేరు.

3.2 పరిష్కర్తదోషం: డెబియన్ (2006-2008)

డెబియన్ అనేది లినక్స్ కుటుంబంలోని ప్రసిద్ధ ఆపరేటింగ్ సిస్టమ్. అది ఇతరులు రాసిన వేలాది సాఫ్ట్‌వేర్‌లను సేకరించి, అవసరమైన సవరణలు చేసి, ఒకే సంపుటంగా అందిస్తుంది. అంటే దాని నిర్వాహకులు రచయితల కంటే ఎక్కువగా పరిష్కర్తలు. 2006లో ఆ పరిష్కర్తల్లో ఒకరు ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో వింతగా కనిపించిన పంక్తులను గమనించారు. విలువ నింపని జ్ఞాపకస్థానాన్ని చదువుతున్నారంటూ దోషాలను వెదికే ఒక పనిముట్టు వాటిపై హెచ్చరిక చూపింది. మూలకర్తల బృందాన్ని అడిగితే గట్టి అభ్యంతరం రాలేదు. ఆ పంక్తులను తొలగించారు.

తొలగించిన వాటిలో ఒకటి రహస్య తాళాల తయారీకి కావలసిన యాదృచ్ఛికతకు ఆధారం. అది పోయిన తరువాత మిగిలిన మార్పు ఒక్కటే: నడుస్తున్న ప్రోగ్రాముకు వ్యవస్థ ఇచ్చే సంఖ్య. ఊహాతీతమైనన్ని ఉండవలసిన తాళాలు ఒక్కో రకానికి 32,768కి కుదించుకుపోయాయి. దుండగుడు అన్నింటినీ ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు. 2008 మే నెలలో ఈ సంగతి బయటపడింది.

పాఠపరిష్కరణలో ఒక ప్రసిద్ధ సూత్రం ఉంది. రెండు పాఠాల్లో క్లిష్టమైనదే తరచు ప్రాచీనమైనది. లేఖకుడు తనకు అర్థం కాని మాటను సులభమైన మాటగా మారుస్తాడు గాని, సులభమైన దానిని క్లిష్టం చేయడు. కనుక వింతగా కనిపించే పాఠాన్ని దిద్దే ముందు, అది ఎందుకు అలా ఉందో వివరించగలగాలి. డెబియన్ పరిష్కర్త సద్బుద్ధితోనే దిద్దారు. అర్థం పూర్తిగా గ్రహించకముందే దిద్దారు. తన కాలపు వ్యాకరణానికి ఒదగలేదని ప్రాచీన ప్రయోగాన్ని సవరించిన పండితుని తప్పు ఇదే.

ఈ ఉదంతంలో వంశవృక్షం కూడా కనిపిస్తుంది. ఒకే మాతృక నుండి పుట్టిన ప్రతుల్లో ఒకే తప్పు ఉంటుంది. డెబియన్ నుండి పుట్టిన ఉబుంటులో ఇదే లోపం కనిపించింది. ఆ శాఖకు చెందని లినక్స్ వ్యవస్థలు దీని బారిన పడలేదు. మన దేశంలో సి-డాక్ రూపొందించిన ‘బాస్’ లినక్స్ కూడా డెబియన్ వంశానికే చెందినది. ఒక ప్రతి భద్రతను అంచనా వేయడానికి ముందు దాని మాతృక ఏదో తెలుసుకోవాలన్న నియమం రెండు శాస్త్రాలకూ సమానం.

3.3 ప్రక్షిప్తం: ఎక్స్‌జెడ్ (2024)

మూడవది ఉద్దేశపూర్వకం. లినక్స్ వ్యవస్థల్లో దస్త్రాలను కుదించడానికి వాడే ‘ఎక్స్‌జెడ్’ అనే సాఫ్ట్‌వేర్‌ను చాలా ఏళ్లుగా లాసె కొలిన్ అనే ఒక్క వ్యక్తి నిర్వహిస్తున్నారు. 2021 నుండి ‘జియా టాన్’ అనే పేరుతో ఒకరు చిన్న చిన్న సవరణలతో సహాయం చేయసాగారు. 2022లో మరికొన్ని పేర్లతో కొందరు ప్రవేశించి, పని నెమ్మదిగా సాగుతున్నదని, బాధ్యత ఇతరులకు అప్పగించాలని ఒత్తిడి తెచ్చారు. అలసి ఉన్న నిర్వాహకుడు క్రమంగా అధికారాన్ని పంచుకున్నారు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో విడుదలైన 5.6.0, 5.6.1 సంచికల్లో ఒక రహస్య ద్వారం చేరింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దూరం నుండి కంప్యూటర్‌లోకి ప్రవేశించే పని సుమారు అర సెకను ఆలస్యం కావడం గమనించి, కారణం వెదుకుతూ దానిని పట్టుకున్నారు. మార్చి 29న లోకానికి తెలియజేశారు. అది ప్రధాన వ్యవస్థల స్థిర సంచికల్లోకి చేరకముందే ఆగింది.

ఇందులో పాఠవిమర్శకులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటి ఉంది. రహస్య ద్వారాన్ని మేల్కొలిపే పంక్తులు అందరూ చూసే మూలభాండారంలో లేవు. విడుదల కోసం కట్టిన మూటలో మాత్రమే ఉన్నాయి. మిగిలిన భాగం పరీక్షా దస్త్రాల పేరుతో, చదవడానికి వీలులేని రూపంలో దాగి ఉంది. అంటే తాళపత్రం వేరు, అచ్చుప్రతి వేరు. తాళపత్రాన్ని మాత్రమే చదివినవారికి ప్రక్షిప్తం పూర్తిగా కనిపించదు. అచ్చుప్రతిని మాత్రమే వాడినవారికి అది ప్రక్షిప్తమని తెలియదు. రెండింటినీ పోల్చి చూసినవారికే తేడా తెలుస్తుంది. వేమన పేరుతో చెలామణి అయ్యే పద్యాల్లో ఏవి ప్రక్షిప్తాలో తేల్చడానికి ప్రతులను పోల్చడమే మొదటి మెట్టు అయినట్టు, ఇక్కడా పోలికే రక్షణ.

కర్తృత్వ సమస్య కూడా మనకు పరిచితమే. ‘జియా టాన్’ ఎవరో, ఒకరో పలువురో, నేటికీ తేలలేదు. ‘క్రీడాభిరామం’ వినుకొండ వల్లభరాయని పేరుతో ఉన్నా, అది శ్రీనాథుని రచన అని ప్రభాకరశాస్త్రి అంతర్గత ఆధారాలతో వాదించారు. ఆ వాదాన్ని అంగీకరించినా, తిరస్కరించినా, అందులోని పద్ధతి విలువైనది. గ్రంథంపై ఉన్న పేరు కర్తృత్వానికి ఒక సాక్ష్యమే గాని తీర్పు కాదు. సాఫ్ట్‌వేర్ లోకం రెండేళ్ల మర్యాదపూర్వకమైన ప్రవర్తనను చూసి పేరును తీర్పుగా స్వీకరించింది.

4. తెలుగు పొర: చదివేవారు ఎవరు?

పై మూడు ఉదాహరణలు భాషతో నిమిత్తం లేనివి. మన భాషకు నేరుగా సంబంధించిన పొర మరొకటి ఉంది. తెలుగు అక్షరాన్ని తెరమీద కూర్చడానికి ఓపెన్ సోర్స్ వ్యవస్థలు ప్రధానంగా ‘హార్ఫ్‌బజ్’ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడతాయి. ఆండ్రాయిడ్ ఫోన్లు, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ అన్నీ దానిని వాడతాయి. ఏ హల్లు ప్రధానాక్షరం, ఏది ఒత్తు, గుణింతపు గుర్తు దేనికి చేరాలి అనే నియమాలు అందులో రాసి ఉన్నాయి. ఒక రకంగా అది యంత్రం కోసం రాసిన వర్ణక్రమ ప్రకరణం.

ఈ పొరలో కూడా బుంగలు పడతాయి. హార్ఫ్‌బజ్ 6.0.0 వరకు ఉన్న సంచికలకు సంబంధించిన సి.వి.ఇ-2023-25193 ఒక ఉదాహరణ. అక్షరానికి చేరే గుర్తులను ఒకదాని వెంట ఒకటిగా లెక్కలేనన్ని పేర్చితే, ప్రతి గుర్తుకూ ఆధారాక్షరాన్ని వెదుకుతూ యంత్రం వెనక్కి నడవాలి. గుర్తులు రెట్టింపైతే పని నాలుగింతలవుతుంది. చివరికి యంత్రం ఆ పనిలోనే చిక్కుకుపోతుంది. ఒక అక్షరానికి ఎన్ని గుర్తులు సహజం, ఎన్ని అసహజం అనే ప్రశ్న ఇందులో ఇమిడి ఉంది. అది లిపిశాస్త్ర ప్రశ్న. ఫాంటు కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఫాంటుల్లోని గీతలను చదివే ‘ఫ్రీటైప్’ అనే సాఫ్ట్‌వేర్‌లో 2020 అక్టోబరులో బయటపడిన బుంగ (సి.వి.ఇ-2020-15999) అప్పటికే గండిగా మారి ఉంది, ప్రత్యేకంగా తయారుచేసిన ఫాంటు ద్వారా చొరబడే వీలు ఏర్పడింది. తెలుగు శాఖల్లో ఫాంటులు పెన్‌డ్రైవ్‌ల ద్వారా చేతులు మారడం మనందరికీ అలవాటే. ఎక్కడినుండి వచ్చిందో తెలియని ఫాంటు, మాతృక తెలియని ప్రతి వంటిది.

ఈ పొరను నిర్మించినవారు కొద్దిమంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ ఫాంటులు లినక్స్ వ్యవస్థల్లో చేరి తెలుగును నిలబెట్టాయి. హైదరాబాదు కేంద్రంగా ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు ముఖంతో లినక్స్‌ను అందించడానికి కృషి చేసింది. సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడిన ఫాంటుల్లో ఒకదాని పేరు ‘మండలి’. 1975లో హైదరాబాదులో జరిగిన తొలి ప్రపంచ తెలుగు మహాసభలకు సారథ్యం వహించిన మండలి వెంకటకృష్ణారావు పేరు అది. ఆయన శాసనసభలో ప్రాతినిధ్యం వహించిన అవనిగడ్డ నియోజకవర్గంలోనే నాగాయలంక ఉంది. ఆ ఫాంటును మనం ఆహ్వానపత్రికల్లో వాడుతున్నాం. దాని లోపలి పట్టికలను తెరిచి, ఏ సంయుక్తాక్షరం ఎలా కూర్చబడిందో చూసిన తెలుగు అధ్యాపకులు ఎందరున్నారు? ఈ ప్రశ్న మొదట నాకు నేనే వేసుకున్నాను. ఈ వ్యాసం రాసే ముందు వరకు నేనూ చూడలేదు.

చూడవలసిన అవసరం ఎటువంటిదో వలపలగిలక చెబుతుంది. పాత రాతప్రతుల్లో, అచ్చు పుస్తకాల్లో ‘ర్క’, ‘ర్మ’ వంటి చోట్ల రేఫం తరువాతి హల్లుకు కుడివైపున గిలకగా కనిపిస్తుంది. ఆధునిక తెలుగులో రకారం కిందనే తరువాతి హల్లు ఒత్తుగా చేరుతుంది. యూనికోడ్‌లో పాత రూపం కావాలంటే రకారం, పొల్లు తరువాత కంటికి కనిపించని మరొక సంకేతాన్ని, ఈసారి అక్షరాలను కలిపే దానిని, ఉంచాలి. హార్ఫ్‌బజ్ తెలుగుకు ఈ నియమాన్ని ప్రత్యేకంగా పాటిస్తుంది. రోజువారీ వాడుకలో ఇటువంటి వరుసలు అరుదు. అరుదైన వరుసల్లోనే బుంగలు ఎక్కువ కాలం దాగుతాయి. ‘జ్ఞా’ ఉదంతం చెప్పినదీ అదే. అరుదైన అక్షర సంయోగాలు ఎక్కడ ఉంటాయో తెలిసినవారు ప్రోగ్రామర్లు కారు. శాసనాలు, తాళపత్రాలు, తొలినాటి అచ్చుపుస్తకాలు చదివిన పరిశోధకులు. హార్ఫ్‌బజ్ వంటి ప్రకల్పాలు తమ వెంట పరీక్షా పాఠాలను ఉంచుకుంటాయి. ప్రతి సవరణ తరువాత వాటిని కూర్చి చూసుకుంటాయి. ఆ పాఠాల్లోకి మన రాతప్రతుల అక్షరాలు చేరితే అది భద్రతకూ భాషకూ ఒకేసారి జరిగే సేవ.

5. పోలికకు పరిమితులు

ఏ పోలికనైనా దాని హద్దుతో సహా చూపాలి. పాఠపరిష్కర్తకు ఎదురయ్యే తప్పులు చాలావరకు నిర్దోషమైన మనస్సుల నుండి వచ్చినవి. వాటిని నేడు ఎవరూ ఆయుధంగా వాడరు. సాఫ్ట్‌వేర్ బుంగను వెదికే శత్రువు ఎప్పుడూ ఉంటాడు. అతడు కూడా బహిరంగ మూలాన్ని చదువుతాడు, తరచు మనకంటే శ్రద్ధగా చదువుతాడు. రెండవది, మనం కొత్త పాఠాంతరం దొరికిన వెంటనే ప్రకటిస్తాం. భద్రతా పరిశోధకుడు ముందుగా నిర్వాహకులకు రహస్యంగా తెలిపి, సవరణకు గడువు ఇచ్చి, ఆ తరువాతే ప్రకటిస్తాడు. గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం సాధారణంగా ఇచ్చే గడువు 90 రోజులు. కరకట్టలో బుంగ చూసినవాడు ముందు కట్ట కాసేవారికి చెప్పాలి గదా. మూడవది, సోర్స్ కోడ్ చదివినంత మాత్రాన నడిచే ప్రోగ్రాము అదేనని నమ్మలేం. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే పనిముట్టే మోసం చేయగలదని కెన్ థామ్సన్ 1984లోనే నిరూపించి చూపాడు. చదవడం అవసరం, చదవడమే సర్వస్వం కాదు.

నాలుగవది మరింత మౌలికం. పాఠపరిష్కరణ ఒక మూలరూపాన్ని అన్వేషిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు అటువంటి చివరి రూపం లేదు. అది ప్రతి నెలా మారుతుంది. కట్టకు ఒకసారి మరమ్మతు చేసి ఊరుకోలేనట్టే, దాని పరిష్కరణకూ ముగింపు లేదు.

6. ముగింపు

ఓపెన్ సోర్స్ కాబట్టి భద్రమనే వాదం, ఓపెన్ సోర్స్ కాబట్టి ప్రమాదమనే వాదం రెండూ పాఠకుణ్ణి విస్మరించినవే. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

* 2018 నాటి ‘జ్ఞా’ దోషం తెలుగు అక్షరానిది కాదు. ఒక అదృశ్య సంకేతాన్ని అక్షర నిర్మాణంలో సరిగా నిర్వహించని, బయటివారు చదవలేని సాఫ్ట్‌వేర్‌ది.

* హార్ట్‌బ్లీడ్, డెబియన్, ఎక్స్‌జెడ్ ఉదంతాలు వరుసగా లేఖకదోషానికి, పరిష్కర్తదోషానికి, ప్రక్షిప్తానికి సమానమైనవి. మూడింటిలోనూ మూలం బహిరంగమే. మొదటి దానిలో చదివేవారు చాలలేదు. రెండవ దానిలో చదివినవారు అర్థం కాకముందే దిద్దారు. మూడవ దానిలో ఒక్కరు పోల్చి చూసినందువల్ల అపాయం తప్పింది.

* తెలుగును తెరమీద కూర్చే పొరలో అరుదైన అక్షర సంయోగాలను పరీక్షించడానికి తెలుగు పరిశోధకుల జ్ఞానం అవసరం. రాతప్రతులపై పరిశోధన చేసే ప్రతి విద్యార్థి తనకు ఎదురైన అసాధారణ అక్షరరూపాలను యూనికోడ్ వరుసలతో సహా పట్టికగా ఇవ్వడం మొదటి అడుగు కాగలదు.

* పాఠపరిష్కరణను పాఠ్యాంశంగా బోధించే శాఖలు తాళపత్రం పక్కన ఒక ఫాంటు పట్టికను, ఒక సోర్స్ కోడ్ మార్పును కూడా ఉదాహరణగా చూపవచ్చు. విద్య ఒకటే.

ప్రభాకరశాస్త్రి కాలంలో తాళపత్రాలు పురుగులకు ఆహారమవుతున్నాయన్న ఆందోళన ఉండేది. కొందరు కూర్చొని చదివారు కాబట్టి మనకు కొన్ని కావ్యాలు మిగిలాయి. నేడు మనం రాసే ప్రతి సిద్ధాంతగ్రంథం, ప్రతి పత్రం, ఈ వ్యాసంతో సహా, ఎవరో కొద్దిమంది నిర్వహించే ఆ కనిపించని పొర మీదనే నిలిచి ఉంది. వరద సమయంలో కరకట్ట మీద రాత్రి కాపలా తిరిగే పద్ధతి మన డెల్టా ఊళ్లకు తెలిసినదే. ఆ పొర మీద తెలుగువారి వంతు కాపలాకు మనం ఇంకా పేర్లు ఇవ్వలేదు.